ఆరియా అంటే కిందికి

ఏటీ, గేసు సిలిండరు ఎత్తినప్పుడల్లా మీ నాన్న ‘హబేస్’ అని అరుస్తాడా? ఇంకా అరుస్తున్నాడేటి! సెబాసు. కూకో అమ్మా హరితా. ఆ కుర్చీ కాదు, దానికో కాలు లూజు, ఈ స్టూలు లాక్కో. మీ నాన్ననే అడగలేకపోయావా? నవ్వీసి ఊరుకున్నాడా. మరి నవ్వకేం సేస్తాడు. ఆ మాట మీ నాన్నది కాదమ్మా, మీ తాతది. మీ అమ్మకి నాన్న, నరసింగరావు. మాకందరికీ నరసింగన్న. నువ్వెరగవులే, ఆయన పోయినప్పటికి నీకు పళ్లు కూడా రాలేదు. నానూ ఆయనా ఒకే గేంగులో ఖలాసీలం. అంటే ఏటంటే, ప్లాంటులో పెద్ద పెద్ద ఇనప సామాన్లకి తాళ్లేసి, కప్పీలేసి, పైకెత్తి దించే పని. కింద ఒకడు నిలబడి సిగ్నలు సెప్తాడు. హబేస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు, తాడొదులు. అది తెలుగూ కాదు, హిందీ కాదు, ఎక్కడో ఓడలోళ్ల మాటంతారు. మీ తాత వైజాగు పోర్టులో నేర్సుకుని, ఇక్కడ భిలాయిలో ఫర్నేసులు లేస్తున్నప్పుడు నోట్లో ఎట్టుకుని ఒచ్చినాడు. ఆ మాటకో పద్ధతుంది, ఇది బాగా ఇను, తరవాత పనికొస్తాది. సిగ్నలు మనిసి ఆరియా అన్నాడా, ఎందుకని అడక్కూడదు, తిరిగి సూడకూడదు. సెవిలో పడ్డాది, సెయ్యి ఒదిలింది, అంతే. మజ్జిలో బుర్రకి పని లేదు. పక్కనోళ్లు ఎంతమంది ఏటేటి అరిసినా లెక్కెట్టకూడదు. సిగ్నలు మాటొకటే మాట.

ఆయన ఆ మాటల్ని ప్లాంటు గేటు దగ్గర ఇడిసిపెట్టి రాలేదు. మీ అమ్మమ్మ సీతాలక్ష్మొదిన రేడియో గట్టిగా పెడితే ‘ఆరియా’. ఇంకో గరిటె పులుసు కావాలంటే ‘హబేస్’. ఒదినకి కోపమొచ్చి గొంతు లేసిందనుకో, ‘ఆరియా సీతా, ఆరియా’ అనీవోడు. దాంతో ఆవిడ గొంతు ఇంకా లేసీది. మీ అమ్మ భాగ్యరేఖ సంటిపిల్లప్పుడు ఆయన డ్యూటీ నుంచి ఒచ్చి గుమ్మంలోనే హబేస్ అంటే సాలు, మాటలు రాని పిల్ల రెండు సేతులూ పైకెత్తీసీది, ఎత్తుకోమని. అమ్మా నాన్నా అన్న మాటలకంటే ముందు ఆ మాటే అర్థమయ్యిందా పిల్లకి. మేముండీ రిసాలి క్వార్టర్లలో అందరికీ తెలుసు. హిందీవోళ్లు కూడా ‘హబేస్ బాబూ ఘర్ మే హై క్యా’ అని అడిగీవోళ్లు.

మనిసి ఎలా ఉండీవోడంటావా? పొట్టి. కానీ నిలబడితే పొట్టని అనిపించదు. మీసం ఉండీది, దానికి ఆవదం రాసీవోడు. భయమన్నది ఎరగడు. ఎంత ఎత్తయినా ఎక్కీసీవోడు. కానీ నడుముకి కట్టే సేఫ్టీ బెల్టు లేకుండా మటుకు ఎక్కడు. ప్లాంటులో అయితే సరే, రూలుంది. ఇంట్లో కూడా! సీలింగు ఫేను తుడవడానికి బల్లెక్కితే నడుముకి తాడు కట్టుకుని రెండో కొస కిటికీ ఊసకి కట్టీవోడు. ఒదిన సిగ్గుతో తలుపు మూసీసీది. ఓ దసరాకి మమ్మల్నందరినీ మేళాకి తీసికెళ్లినాడు. జెయింటు వీలు ఎక్కుదామని పిల్లలు గోల. ఈయన సక్కగా ఎల్లి, దాని కిందకి దూరి, ఒక్కో బోల్టూ సేత్తో తిప్పి సూస్తన్నాడు. ఆ వీలువాడు ‘ఏ బాబూజీ, నికలో బాహర్’ అంతాడు. ఈయన ‘ఇసమే చెక్ నట్ కహాఁ హై రే’ అంతాడు, బోల్టు ఊడకుండా బిగించే రెండో నట్టేదని. జనం మూగీసినారు. ఆఖరికి ఆడు మొత్తుకుని, ఎక్కడో డబ్బాలోంచి నట్లు తెచ్చి బిగించినాడు. అప్పుడెక్కినాం. ఎక్కినాక మాత్రం అందరికంటే గట్టిగా ఈలేసినవోడు ఆయనే.

ఎందుకలాగంటే, దానికో కథుంది. పాలకొండ అవతల వాళ్ల ఊళ్లో జొన్నసేను ఉండీది. పందులొచ్చి తొక్కీకుండా సెట్టు మీద మంచె కట్టీవోళ్లు. వాళ్ల పెద్దన్నయ్య ఆ మంచె మీద కాపలా. ఓ ఏడు కోత అయిపోయినాక మంచె ఇప్పకుండా ఒదిలీసినారు. మళ్లీ ఏడాది ఎలాగూ కట్టాలి కదా, ఉండనీ అని. వానకి నానింది, ఎండకి ఎండింది. తాడు పైకి బాగానే ఉంది, లోపల సచ్చిపోయింది. మళ్లీ జొన్న ఏపుకొచ్చినాక ఆ అన్నయ్య పాటందుకుని ఎక్కినాడు, కూకున్నాడు, మంచెతో సహా కిందకొచ్చినాడు. నడుం ఇరిగింది. ఆ తరవాత ఎన్నాళ్లో మంచంలో ఉండి, ఆఖరికి సచ్చిపోయినాడు. ఆయనకి గంజి తాగించింది మీ తాతే. అందుకని ‘నిరుటి తాడు’ అన్న మాట ఇంటే సాలు, మీ తాత మొహం నల్లగా అయిపోయీది. ప్లాంటులో కూడా పాత స్లింగు, అదే సామానుకేసే తాడు, కనిపిస్తే కొడవలితో రెండు ముక్కలు సేసీవోడు, మళ్లీ ఎవడూ వాడకుండా. స్టోరువోళ్లు తిట్టీవోళ్లు. తిట్టనీ అనీవోడు.

ఇప్పుడు మీ నాన్న దగ్గరికొద్దాం. యుగంధర్. సెక్టారు పదిలో ఆఫీసరు రామమోహనరావు గారబ్బాయి, ఇంజినీరు, ప్లాంటులోనే కొత్తగా సేరినాడు. ఇక్కడే పుట్టి పెరిగినోడు కదా, తెలుగు మాటాడితే ఎనకాల హిందీ తోసుకొచ్చీసీది. ఉగాదికి తెలుగోళ్ల ఫంక్షన్లో మీ అమ్మ పాట పాడింది, మీ నాన్న ఫోటోలు తీసినాడు. తీసినాడు సరే, అందరివీ తియ్యాలి కదా, రీలంతా మీ అమ్మే. రామమోహనరావు గారు మంచివోడు. కొడుకు మనసు తెలిసి, పెద్దరికం ఇడిసిపెట్టి, తనే స్కూటరేసుకుని రిసాలి ఒచ్చి పిల్లనడిగినాడు. కులం, గోత్రం, అన్నీ కుదిరినాయి. ఒదిన ఆనందంతో పాలు పొంగించీసింది పొయ్యిమీద. ఆ టైములో మీ నాన్న, నాలుగు మంచి మాటలు సెప్పుకోకుండా, తను తీసిన ఫోటో ఒకటి మీ తాత సేతికిచ్చినాడు. గద్ద గూడు, లోపల పిల్లలు. మీ తాత ఆ ఫోటోని అలా తిప్పి, ఇలా తిప్పి, ‘బాబూ, ఇది ఎక్కడ నిలబడి తీసినావు?’ అన్నాడు. ‘కొమ్మ మీద అంకుల్, పైన, బహుత్ ఊపర్’. ‘బెల్టు?’ ‘బెల్టా? ప్యాంటుదా అంకుల్?’

అయిపోయింది. మీ తాత ఫోటో తిరిగిచ్చీసి, సేతులు జోడించి, ‘బావూ, మీ అబ్బాయి బంగారం. కానీ బెల్టు కట్టుకోనోడికి నా పిల్లనివ్వను’ అన్నాడు. ఆఫీసరు గారు తమాషా అనుకుని నవ్వినాడు. నవ్వుతూ స్కూటరు దాకా ఎల్లి, అక్కడికెళ్లినాక అర్థమై నవ్వు ఆపీసినాడు. ఇంక ఇంట్లో సూడు రభస! ఒదిన గిన్నెలన్నీ ఒకదానిమీదొకటి ఇసిరీసింది. ‘లోకంలో ఆడపిల్లల తండ్రులు తాగుడుందా, పేకాటుందా అని అడుగుతారు, బెల్టుందా అని అడిగినోడు నువ్వొక్కడివే’ అంది. మీ అమ్మ ఏడవలేదు. అదే గొప్ప. ‘నాన్నా, నువ్వు అతన్ని కాదన్లేదు, సెట్టుని కాదన్నావు’ అనీసి, ఆ రోజు నుంచి ఆయనతో మాటాడ్డం మానీసింది. హబేస్ అన్నా సేతులెత్తదు, ఆరియా అన్నా రేడియో తగ్గించదు. మీ తాత డ్యూటీలో నా పక్కన కూకుని, టిఫిను డబ్బా ఇప్పకుండా, ‘ఒరే అప్పలకొండా, ఆ కుర్రోడు మంచోడేరా. కానీ పడిపోతే? నా పిల్ల ఆడికి గంజి తాగిస్తా కూకోవాలా?’ అనీవోడు. ఆ మనిసికి ఉన్న భయమల్లా అదొక్కటే అమ్మా, అది తన కోసం కాదు.

అలాగ ఎండాకాలం ఒచ్చింది. తొంభై మూడో, తొంభై నాలుగో. అప్పటికింకా ఇది మధ్యప్రదేశే, మనకి పెద్దాఫీసులన్నీ భోపాల్లోనే. ఎండల్లో అడవిలో నీళ్లు ఒక్కో గుంటలోనే మిగుల్తాయి కదా, జంతువులన్నీ అక్కడికే ఒస్తాయి. ఫారెస్టువోళ్లు సెట్ల మీద మచాన్లు కట్టుకుని కూకుని ఏ జంతువులొచ్చినాయో రాసుకుంతారు. ఎనకటి రోజుల్లో వేటకి కట్టీవోళ్లే, అవే మచాన్లు. తుపాకులు పోయినాయి, పెన్నులొచ్చినాయి. మచాన్ అన్నా, మన మంచె అన్నా ఒకటే. మనుసులు సాలక బయటోళ్లని కూడా పిలిసీవోళ్లు. మీ నాన్న ఊరుకుంతాడేటి, కెమెరా పట్టుకుని పేరిచ్చీసినాడు. బాలోదు దాటి, దల్లీ రాజహరా ఎల్లే దారిలో అడవి. ఈ సంగతి మీ అమ్మకి తెలిసింది. ఎలా తెలిసిందంటే, అది మీ అమ్మనే అడుగు. ఓ సాయంత్రం నానూ మీ తాతా గుమ్మంలో కూకుని ఉన్నాం. అన్నాళ్లూ మాటాడని పిల్ల లోపల్నుంచి ఒచ్చి, గుమ్మం పట్టుకుని, మొహం ఎటో పెట్టి, ‘కొత్తది కట్టడం లేదంట. నిరుటి మచాను మీదే కూకోబెడతారంట’ అనీసి లోపలికెళ్లిపోయింది.

అంతే అంది. ఇంకో ముక్క అన్లేదు. మీ అమ్మ తెలివి సూడు! ఏ మాట ఎక్కడ తగుల్తాదో తెలిసే అంది. మీ తాత టీ గ్లాసు కింద పెట్టీసినాడు. లేసి అటక మీద నుంచి మనీలా నారతాడు చుట్ట దించినాడు. కొత్తది. దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా గోటితో గీకుతూ సూసుకున్నాడు. తెల్లారి నా దగ్గరకొచ్చి ‘సెలవు పెట్టు’ అన్నాడు. ఎందుకని నానడగలేదు. పైగా మంచె కట్టడానికి ఒదిన మంచం పట్టుకుపోతానన్నాడు! ఒదినకి పుట్టింటోళ్లు పెట్టిన టేకు మంచం, నవారు ఏసింది. ఒదిన దానిమీద ఎవర్నీ కూకోనిచ్చీది కాదు. ‘నా మంచం అడివికా?’ అంది. ‘ప్లాంటు సామాను ఇంటికి తేను, ఇంటి సామానే తీసికెళ్తాను. నీ మంచం అంత గట్టిది భిలాయిలో లేదు సీతా’ అన్నాడు. ఏమనుకుందో, మెత్తబడింది. పైగా పులిహోర కట్టిచ్చింది. ఆ పులిహోరలో ఇంగువ ఎక్కువైంది, ఆవిడ ఖంగార్లో ఉన్నప్పుడు ఎప్పుడూ ఇంగువ ఎక్కువేసీది.

ఫారెస్టువోళ్లకి మనుసులు కావాలి కదా, మా పేర్లు కూడా రాసుకున్నారు. ఫారెస్టు జీపు మీద మంచం కట్టుకుని బయల్దేరినాం. మీ నాన్న, మీ తాత, నాను. మాతో ఫారెస్టు గార్డు ఖాన్‌సాబు. ఆయనది భోపాల్ ఊరు. కొత్తగా బదిలీ మీద ఒచ్చినాడు. అసలు సిసలు భోపాలోడు. మాటకి ముందు ఖాఁ, మాటకి ఎనక ఖాఁ, మనం బాబూ అన్నట్టు. వాళ్ల హిందీ ఏరేగా ఉంటాది. తింటన్నానని సెప్పడానికి ‘ఖా రహా హూఁ’ అనరు, ‘ఖా రియా హూఁ’ అంతారు. ‘జా రియా హూఁ ఖాఁ, పీ రియా హూఁ ఖాఁ’. దారి పొడుగునా మా పులిహోర తింటా, ‘క్యా బఢియా చావల్ ఖా రియా హూఁ ఖాఁ’ అని ఒకటే మెచ్చుకోలు. మేం పొట్ట పట్టుకుని నవ్వినాం. మీ తాత మీ నాన్నతో మాటాడ్డంలేదు, కిటికీలోంచి సెట్లు సూస్తా కూకున్నాడు. మీ నాన్న ‘అంకుల్, పానీ?’ అని సీసా ఇస్తే తాగినాడు కానీ మొహం ఇటు తిప్పలేదు.

నీటిగుంట దగ్గర దిగీసరికి నిరుటి మచాను కనిపించింది. నాలుగు కర్రలు, మజ్జిలో వెదురు తడక, సుట్టూ తాళ్లు. మీ నాన్న ఎక్కడానికి బూటు లేసు బిగిస్తన్నాడు. మీ తాత ఎల్లి, కిందకి వేలాడుతున్న తాడు కొసని పట్టుకుని రెండు వేళ్ల మజ్జిన పెట్టి నలిపినాడు. పొడి! ఎండిన అరటినార నలిపితే రాలినట్టు రాలింది. కర్రని సెట్టుకి బిగించిన ఇనప తీగ ఉంది సూడు, ఏడాదిలో సెట్టు లావయ్యింది, తీగ బెరడులోకి దిగిపోయి ఎక్కడికక్కడ తెగడానికి రెడీగా ఉంది. ఖాన్‌సాబు ‘కుచ్ నై హోతా ఖాఁ, నిరుడూ దీని మీదే కూకున్నారంట’ అన్నాడు. మీ తాత ఆ పొడిని మీ నాన్న అరసేతిలో పోసినాడు. ‘ఇదీ, మా అన్నయ్యని సంపింది’ అన్నాడు. మీ నాన్న దాన్ని అలాగే సూస్తా ఉండిపోయినాడు. లేసు కట్టుకోవడం ఆపీసినాడు.

ఇంక అప్పట్నుంచి మీ తాత రాజ్యం. ఆ మంచె కట్టడం సూడాలి! ముందు సెట్టు ఎంచుకున్నాడు. నల్లమద్ది. సుత్తి ఎనక్కి తిప్పి మొదలంతా కొట్టి సూసినాడు, లోపల బోలుగా ఉంటే శబ్దంలో తెలిసిపోతాది. ఎండుకొమ్మ ఒక్కటుండకూడదు నెత్తిమీద. నేల మీదే బెల్టు కట్టుకున్నాడు, పైకెళ్లినాక కాదు, నేలమీదే. ‘పైకెళ్లినాక కట్టుకుందామనుకునీవోడే దారిలో పడతాడు’ అని ఎవరికో సెప్తున్నట్టు సెప్తన్నాడు. మీ నాన్న ఇంటన్నాడు. మంచాన్ని తిరగేసి, కోళ్లు పైకొచ్చీలాగ, బలమైన రెండు కొమ్మల మీద పెట్టినాం. కోళ్ల సుట్టూ తాడు తిప్పితే అదే పడిపోకుండా అడ్డుకంచె. తాడు కొమ్మని ఒరుసుకున్న సోటల్లా గోనె ముక్క సుట్టినాడు. అప్పుడు మూడు గోనెసంచుల్లో రాళ్లు నింపించి, దానిమీద పెట్టించి, మేం బీడీ కాల్సుకునీదాకా అలా ఉంచినాడు. మనుసులకన్నా ముందు రాళ్లు కూకోవాలన్నమాట. ఆ తరవాత నడుం బెల్టు తాడుని సెట్టు మానుకి తలకంటే పైన, వదులు లేకుండా కట్టాలి. ‘జారినా జానెడే జారాలి’ అనీవోడు. ఇవన్నీ అయినాక మీసం దువ్వుకుని ‘ఏనుగునెక్కించినా కదల్దు’ అన్నాడు. నిజంగానే కదల్దు. గర్వం ఆ మనిసికి, ఉండకేం సేస్తాది.

ఎక్కే దారి కూడా ఆయందే. పాత మేకుల మీద కాలెయ్యనివ్వడు. పై కొమ్మకి కప్పీ ఏసి, తాడుకి పలక కట్టి, బెల్టు తాడు కూడా ఆ తాడుకే తగిలించి, మనిసిని లాగీయడమే. మీ నాన్నకి మొహం మాడిపోయింది. సెట్లెక్కడంలో మొనగాడు కదా, సామానులాగా లాగించుకోవడమేటని. అయినా బెల్టు కట్టుకుని, కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని, పలక మీద కూకున్నాడు. పైన మంచె మీద మీ తాతా నానూ, మానుకేసి తిరిగి తాడు పట్టుకున్నాం. ఆకుల గుబురు, కింద ఏటీ కనపడదు. మరి సిగ్నలెవరు? ఎదురుగా గుట్టమీద బండరాయుంది. మీ తాత ఖాన్‌సాబుని దానిమీద నిలబెట్టి, ‘అక్కడ్నుంచి సూసి సెప్పు’ అన్నాడు. ఆయన ‘జీ ఖాఁ’ అన్నాడు. హబేస్ అంటే ఏటో, ఆరియా అంటే ఏటో ఆయనకి తెలుసా అని మేం అడగలేదు. ఎందుకడుగుతాం? లోకంలో అందరికీ ఆ మాటలొచ్చనుకునీవోడు మీ తాత.

లాగుతున్నాం. సగం ఎత్తుకి ఒచ్చినాడు. అప్పుడు గుట్టమీంచి ఖాన్‌సాబు గొంతు, కంఠం సించుకుని, ‘ఆ రియా! ఆ రియా!’ ఇంకేటుంది! మా సేతులు తాడొదిలినాయి. ఎలా ఒదిలినాయనుకున్నావు, జర్కు లేకుండా, కుదుపు లేకుండా, కోడిగుడ్డుని నేలమీద పెట్టినంత సుతారంగా. మీ తాత మొహంలో మంచి ఖలాసీకుండే నెమ్మది. ఖాన్‌సాబు ఇంకా గట్టిగా ‘అరే ఆ రియా! ఆ రియా ఖాఁ!’ అంతాడు. అంత గట్టిగా అరుస్తున్నాడంటే బేగి దించమనే కదా? బేగి దించినాం! కిందనుంచి మీ నాన్న ‘ఊపర్! అంకుల్, ఊపర్ ఖీంచో! పైకి!’ అని అరుస్తున్నాడు. ఇనబడతాది. ఇనబడినా సెయ్యి ఇనదు. సెప్పినాను కదమ్మా, సిగ్నలు మాటొకటే మాట. ఖాన్‌సాబు ఆరియా అంటన్నాడు, మేం దించుతున్నాం. కింద ఏటి జరుగుతుందంటే, నీటిగుంట అవతల పొదల్లోంచి ఎలుగ్గొడ్డు వస్తన్నాది. అదీ ఆయన సెప్తున్నది. ఆ రియా. ఒస్తన్నాది అని. మేం మీ నాన్నని దాని ముందుకి, బంగారంలాగ, దించుతున్నాం.

అది ఎనక్కాళ్లమీద లేసి నిలబడ్డాది. మీ నాన్న బూట్లు దాని మొహానికి దగ్గరకొచ్చీసినాయి. ఇంకొక్క బారొదిలితే నేల. అప్పుడు కిందనుంచి కేక, ‘మావా, హబేస్! హబేస్ మావా!’ అని.

ఆ మాటొక్కటే మా సేతులు గుర్తుపట్టినాయి. ఇద్దరం ఎనక్కి వాలి ఒక్క లాగు లాగినాం సూడు, ఆ ఊపుకి పలక ఒరిగిపోయి, మీ నాన్న దానిమీంచి జారిపోయినాడు. జారి ఎంతదూరం పోయినాడు? జానెడు! బెల్టు పట్టీసింది. బెల్టుకి వేలాడతా, కాళ్లు కొట్టుకుంటా పైకొచ్చినాడు. ఎలుగు పంజా ఇసిరితే ఒక బూటు ఊడి దాని దగ్గరుండిపోయింది. ఖాన్‌సాబు రాయిమీంచి డబ్బా వాయిస్తా తైతక్కలాడతన్నాడు. అది ఆ బూటుని కొంచెం నమిలి, బాగోక ఊసీసి, సల్లగా నీళ్లు తాగి, తన దారిన ఎల్లిపోయింది. మేం మీ నాన్నని మంచె మీదకి లాగి, బెల్టు తాడు మానుకి కట్టినాం. కట్టింది మీ తాతే. మూడు ముళ్లేసినాడు.

అంతవరకూ మీసం తిప్పిన మనిసి, అలా కూలబడిపోయినాడు. తన రెండు సేతులూ ఒళ్లో పెట్టుకుని వాటికేసే సూస్తన్నాడు. ‘అప్పలకొండా, తాడు సూసినాను, సెట్టు సూసినాను, మంచం సూసినాను. ఈటిని సూసుకోలేదురా. ఇవి కూడా నిరుటి తాడేరా’ అన్నాడు. కళ్లమ్మట నీళ్లు. ఆయన కళ్లలో నీళ్లు నానెప్పుడూ సూడలేదు. అప్పుడు మీ నాన్న, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, ఏమన్నాడో తెలుసా? ‘మావయ్యా, మీరు కట్టిన బెల్టే కదా పట్టుకుంది’ అన్నాడు. మీ తాత తలెత్తి, ‘హబేస్ ఎవరు నేర్పినారు నీకు?’ అన్నాడు. ‘రేఖ. మా నాన్నని ఏదైనా అడగాల్సొస్తే తెలుగులో అడక్కు, హిందీలో అడక్కు, ఆయన భాషలో అడుగు అంది. పిల్లనివ్వమని అడగడానికి దాచుకున్నాను. ఇక్కడ వాడీసినాను’ అన్నాడు. మీ తాతకి నవ్వొచ్చింది. ఏడుపు మజ్జిలో నవ్వొస్తే ఎలాగుంటాదో అలాగ. సెట్టంతా ఊగింది. మంచె మటుకు కదల్లేదు.

జంతువుల లెక్క అయినాక ముడి ముడీ ఇప్పి మంచం దించించినాడు. నిరుటి మచాను కూడా కోసి పారేసినాడు, ఖాన్‌సాబు ‘క్యా కర్ రియే హో’ అంటన్నా ఇనకుండా. మళ్లీ ఏడాది ఎవరి బిడ్డో దాని మీద కూకోకూడదు కదా. రిసాలి ఒచ్చీసరికి మీ అమ్మ గేటు దగ్గరే ఉంది. ముందు జీపు సూసింది, తరవాత మీ నాన్న ఒంటి బూటు సూసింది. మీ తాత దిగి, పిల్ల ఎదుట నిలబడి, గొంతు సవరించుకుని, ‘హబేస్’ అన్నాడు. మీ అమ్మకి ఒక్క నిమిషం తెలీలేదు. తెలిసినాక, అంత పెద్ద పిల్లా, సంటిపిల్లలాగ రెండు సేతులూ పైకెత్తీసింది. వీధంతా సూస్తన్నాది. ఒదిన మాత్రం ‘నా మంచం నవారు మట్టిగొట్టుకుపోయింది’ అని ఓ పక్క తిడతా, ఓ పక్క కళ్లు తుడుసుకుంటా ఉంది. ఆ మంచమే నువ్వు పడుకున్నది, ఇప్పటికీ మీ ఇంట్లో ఉంది కదా, ఎలుగ్గొడ్డు సూసిన మంచమది. మీ నాన్న ఆ తరవాత బెల్టు లేకుండా స్టూలు కూడా ఎక్కలేదు. అందరూ నవ్వీవోళ్లు, మావకి తగ్గ అల్లుడని.

మీ తాత ఎంతో కాలం లేడు. నువ్వు పుట్టినాక, గుండె ఆగిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినాం. క్వార్టరు పై అంతస్తులో, మెట్లు ఇరుకు, మలుపు ఉన్నాది. పాత గేంగంతా ఒచ్చీసినారు, ఎవరూ పిలవలేదు. పాడె ఎత్తబోతుంటే మీ నాన్న ఆగమన్నాడు. లోపలికెళ్లి నవారు తెచ్చి, ఆయన ఛాతీ మీదుగా, నడుం మీదుగా తిప్పి, పాడెకి కట్టినాడు. మూడు ముళ్లు. ‘బెల్టు లేకుండా దించుతామేటి ఆయన్ని’ అన్నాడు. పంతులు గారు కూడా ఏటీ అన్లేదు. మీ నాన్న ముందర నిలబడి, ఎనక్కి నడుస్తా, ఒక్కో మెట్టుకీ, ‘ఆరియా... మెల్లగా ఆరియా... ఆరియా’ అని సెప్తన్నాడు. ఎంత సుతారంగా దించినామనుకున్నావు. ఎక్కడా కుదపలేదు. కిందకొచ్చినాం. లారీ మీదకెక్కించాలి. అందరం పాడె కింద సేతులు పెట్టి నిలబడ్డాం. సిగ్నలు రావాలి కదా. మీ నాన్న నోరు తెరుస్తాడు, మూస్తాడు. ఆ రెండో మాట రావడం లేదు. మేం ఎత్తం, మాట లేకుండా ఎలా ఎత్తుతాం, అలాగే నిలబడ్డాం. అప్పుడు ఎనకాల మెట్లమీంచి, నిన్ను సంకలో ఎత్తుకుని, మీ అమ్మ...

‘హబేస్ నాన్నా’ అంది.

...

సిలిండరు ఒక్కడే ఎత్తుతున్నాడా మీ నాన్న? ఒద్దని సెప్పు. నడుం పట్టీస్తాది. ఇద్దరు పట్టాలి దాన్ని, ఒకడు సిగ్నలు సెప్పాలి. పద, నానూ ఒస్తాను.